పన్నెండు గంటలకు మునగాల్సిన ఓడ

ఆ రోజు సరిగ్గా ఉదయం పది గంటలకు ఒక సరుకు ఓడకు ఆపద రావాలి. అందుకు కావలసిన ఏర్పాట్లన్నీ అతను ముందురోజే పూర్తి చేశాడు. పదికి ఇంజను ఆగుతుంది. పది ఇరవైకి ఓడ ఇసుకతిన్నె ఎక్కుతుంది. పదకొండుకు అడుగున చిల్లు పడుతుంది, పన్నెండుకు మునగడం మొదలవుతుంది, పన్నెండున్నరకు అందరూ భోజనానికి లేస్తారు. ఇదంతా కాగితం మీదే.

ఓడకు ప్రమాదం జరిగితే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి, ఎవరు లాగాలి, ఎవరు పైకి తేల్చాలి అని ముందుగానే రాసిపెట్టడం అతని ఉద్యోగం. ఎనభై ఆరు ఓడలు అతను రాసిన ప్రణాళికను నమ్ముకుని సముద్రం మీద తిరుగుతున్నాయి. అతనికి మాత్రం పడవ ఎక్కితే వాంతులు. అసలు ధైర్యవంతుడెవడూ ఈ పనికి పనికిరాడని అతని సిద్ధాంతం. జరగని ఆపదను రోజుకు ఎనిమిది గంటలు ఊహిస్తూ కూర్చోవాలంటే పుట్టుపిరికితనం కావాలి; అది అతనికి కావలసినంత ఉంది. చిన్నప్పుడు ఊరికే వేసే భయానికి ఇప్పుడు జీతం వస్తోంది, అంతే తేడా. ఏమడిగినా "నలభై ఏడో పేజీ చూడండి" అంటాడు కనక ఆఫీసులో అతనికి 'పేజీ నంబరు' అని పేరు.

"ఇన్నేళ్ళలో ఎన్ని ఓడల్ని గట్టెక్కించారు బాబూ?" అని అడిగింది అత్తగారు, కాఫీ గ్లాసు అతని ముందు పెడుతూ. ఆవిడ ముప్పై ఒక్క ఏళ్ళు బడి నడిపి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరై, కూతురి దగ్గర ఉంటోంది.

"గట్టెక్కించేవాళ్ళు వేరే ఉంటారు అత్తయ్యా. నేను రాస్తాను."

"అంటే, పొయ్యి వెలిగించకుండా వంటల పుస్తకం రాసినట్టు."

"అలా తీసిపారెయ్యకండి. ఇవాళ తనిఖీకి పెద్దాయన వస్తున్నాడు. ఆయన సంతకం పెట్టకపోతే వచ్చే నెల నుంచి ఆ ప్లాన్ ఎనభై ఆరు ఓడలకీ చెల్లదు. ఆఫీసులో నేనూ చెల్లను."

"మధ్యాహ్నం అన్నానికొస్తారా?" అంది ఆవిడ. సంభాషణ అక్కడితో ముగిసింది.

సముద్రం మీదున్న కెప్టెన్ ఫోన్ చేసి ప్రమాదం జరిగినట్టు నటించే ఇలాంటి అభ్యాసాల్లో ఒక ఆచారం ఉంది. ఎవరు ఏ కబురు చెప్పినా ముందు "డ్రిల్, డ్రిల్, డ్రిల్" అని మూడుసార్లు అనాలి. లేకపోతే ఎవడైనా నిజమనుకుని కంగారు పడతాడు. కిందటేడు ఒక కెప్టెన్ ఆ మూడూ అని, మిగతాది ఎక్కాలు అప్పజెప్పినట్టు చదివితే తనిఖీ అధికారి మార్కులు కోశాడు. అందుకని ఈసారి అతను పధ్నాలుగో సూచన చేర్చాడు: 'నిజంగా జరుగుతున్నట్టే, గొంతులో ఆందోళన పలికించవలెను.'

తొమ్మిది నలభై రెండుకు ఫోన్ మోగింది. తనిఖీ అధికారి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. అతను స్పీకర్ నొక్కాడు.

"సార్, ఇంజను ఆగిపోయింది. గాలి మమ్మల్ని తిన్నె వైపు తోసేస్తోంది."

అతను గడియారం చూశాడు. ఒళ్ళు మండింది.

"పద్దెనిమిది నిమిషాలు ముందే ఎలా ఆగుతుందండీ? పదింటికి కదా ఆగాలి!"

"ఆ మాట ఇంజన్నడగండి సార్. ఆగిపోయింది."

"మూడుసార్లు డ్రిల్ అనలేదు," అన్నాడు తనిఖీ అధికారి, రాసుకుంటూ.

"విన్నారా కెప్టెన్ గారూ? ముందు డ్రిల్, డ్రిల్, డ్రిల్ అనండి."

"డ్రిల్ కానిదాన్ని డ్రిల్ అని ఎలా అనమంటారు?"

"అనకపోతే ఈ కాల్ లెక్కలోకి రాదు."

"మీకు దండం పెడతాను సార్, నిజంగా ఆగింది!"

అతను అటువాళ్ళకు వినపడకుండా బటన్ నొక్కి, అధికారి వైపు వంగాడు. "ఆ వణుకు చూశారా? పధ్నాలుగో సూచన. నేనే రాశాను." మళ్ళీ బటన్ నొక్కి, "అద్భుతంగా చేస్తున్నారు. ఇదే ఊపు పదింటికి చూపించండి," అని పెట్టేశాడు. ఆపరేటరమ్మను పిలిచి, పది దాకా ఓడ నుంచి ఫోన్ వస్తే ఇవ్వొద్దనీ, ఇంటి నుంచి వస్తే అసలే ఇవ్వొద్దనీ చెప్పాడు.

కెప్టెన్ మరో నాలుగుసార్లు ప్రయత్నించి, ప్రణాళికలో ఉన్న రెండో నంబరు తిప్పాడు.

ఆ రెండో నంబరుకో చరిత్ర ఉంది. మూడేళ్ళ కిందట అతను ప్రణాళిక నమూనా తయారుచేస్తుంటే, 'ఇరవై నాలుగు గంటలూ పలికే మరొక బాధ్యుడు' అన్న గడి ఖాళీగా ఉండిపోయింది. అది నింపితే గాని కంప్యూటర్ తరవాతి పేజీకి పోనివ్వదు. ప్రస్తుతానికి ఇది ఉండనీ, తరవాత మారుద్దాం అనుకుని ఇంటి నంబరు వేశాడు. ఆ తరవాత అనేది రాలేదు. ఆ నంబరు ఎనభై ఆరు ఓడలెక్కింది.

"ఎవరు నాయనా?" అంది అత్తగారు.

"ఓడ కెప్టెన్నండి. కొట్టుకుపోతున్నాం. ఆఫీసులో ఎవరూ నమ్మట్లేదు."

ఓడ కెప్టెన్ తమ ఇంటికెందుకు ఫోన్ చేశాడని ఆవిడ అడగలేదు. పిల్లాడు ఏడుస్తూ గదిలోకొస్తే, నా గదికే ఎందుకొచ్చావని ఏ హెడ్మిస్ట్రెస్సూ అడగదు.

"కంగారు పడకు. ఎంతమందున్నారు?"

"ఇరవై ఇద్దరం."

"లెక్కపెట్టి చెబుతున్నావా, గుర్తున్నది చెబుతున్నావా?"

అటువైపు ఎవరో అంకెలు అరవడం. "ఇరవై ఒక్కరేనండి!"

"ఆ ఒక్కడూ ఏడీ?"

"వంటవాడండి. నిద్రపోతున్నాడట."

"లేపు. ఇప్పుడు చెప్పు, ఓడని ఆపడానికి మీ దగ్గర ఏమీ లేదా?"

"లంగరుందండి."

"మరి వెయ్యవేం?"

"ఆఫీసు అనుమతి వచ్చాకే వెయ్యాలని ప్లాన్‌లో ఉందండి. అరవై ఒకటో పేజీ."

"ఆ పేజీ రాసింది మా అల్లుడుగారే. నేను చెబుతున్నాను, వెయ్యి."

వేశాడు. తరవాత, ఓడల్ని లాగే పడవవాళ్ళ నంబరు కెప్టెన్ చేతే చదివించుకుని, ఆవిడ వాళ్ళకి చేసింది.

"మాకు పదింటికి డ్రిల్లుందమ్మా. అప్పుడే బయల్దేరమన్నారు," అన్నాడు పడవాయన.

"నీ ఇల్లంటుకుంటే, ఫైరింజన్ వాడు పది కొట్టనీ అంటే ఊరుకుంటావా? తాడు తీసుకుని కదులు."

కదిలాడు.

పది కొట్టగానే అతను స్టాప్‌వాచ్ నొక్కాడు. ఫోన్ మోగలేదు. పది అయిదు. పది పది. అధికారి కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. ప్రపంచంలోని ప్రతి ఆపదకూ అతను ఓ పేజీ రాశాడు. మునగాల్సిన ఓడ మొహం చాటేస్తే ఏం చేయాలో మాత్రం రాయలేదు. నటించమంటే కెప్టెన్ మరీ ఇంత అలుగుతాడా?

పది పదిహేడుకు ఆపరేటరమ్మ తల లోపలికి పెట్టింది. "సార్, మీ ఇంటి నుంచి ఫోన్."

"ఇవ్వొద్దన్నానా!"

"మీకు కాదు సార్. తనిఖీకొచ్చినాయన్ని పిలవమంటున్నారు. గొంతు చూస్తే... ఇవ్వక తప్పేట్టు లేదు."

అధికారి ఫోన్ అందుకున్నాడు. అర నిమిషంలో తనకు తెలియకుండానే లేచి నిలబడ్డాడు. కాలర్ బొత్తాం పెట్టుకున్నాడు. "అవునండి... లేదండి... ఇరవై ఇద్దరూనా అండి... అలాగేనండి." ఫోన్ పెట్టేసి నెమ్మదిగా కూర్చున్నాడు.

"ఓడ ఇంజను నిజంగానే ఆగిందటండీ. లంగరు పట్టింది. తిన్నెకి మూడొందల గజాల్లో నిలిచిపోయింది. లాగే పడవ ఇప్పుడే తాడు కట్టిందట. అందరూ క్షేమం."

అతను మొదట ఆ ఇరవై ఇద్దరి గురించి ఆలోచించి ఉండవలసింది. మొదట వచ్చిన ఆలోచన స్టాప్‌వాచ్ ఇంకా తిరుగుతోందని. రెండోది, ఇక సంతకం ఎవరు పెడతారని. మనుషులు ఆ తరవాత వచ్చారు. ఆ వరసని అతనే గమనించాడు. తన లోపల ఎప్పటినుంచో ఇంకో ప్రణాళిక అమల్లో ఉందనీ, అందులో మనుషుల్ని బాగా వెనక పేజీల్లోకి నెట్టేశాడనీ అర్థమై, కుర్చీలో కొంచెం కిందికి జారాడు. బతిమాలుతున్న గొంతుని అద్భుతం అని మెచ్చుకున్నాడు తను. మెచ్చుకుని పెట్టేశాడు.

"ఆవిడెవరు?" అన్నాడు అధికారి.

"మా అత్తగారండి."

"రెండో నంబరుకి ఆవిణ్ణి ఏ ప్రాతిపదిక మీద ఎంపిక చేశారు?"

'అనుభవం చూసి' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే చాలు, సంతకం పడుతుంది.

"ఎంపికేం లేదండి. గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ ముందుకు పోనివ్వలేదు."

అధికారి అతన్ని చాలాసేపు చూశాడు. తరవాత ఇంకా ఎక్కువసేపు రాశాడు.

పది రోజులకు ఆమోదం వచ్చింది, ఇంకో మూడేళ్ళపాటు చెల్లేలా. అరవై ఒకటో పేజీ తీసెయ్యాలన్నారు. అత్తగారి ప్రశ్నలు, ఆవిడ వేసిన వరసలోనే, మొదటి పేజీలో అచ్చువెయ్యాలన్నారు. ఆవిడ చిత్తుప్రతి తెప్పించుకుని, ఎర్ర కలంతో పదకొండు తప్పులు దిద్ది పంపించింది. ఆమోదపత్రంలో అతని పేరు కూడా ఒకచోట ఉంది: 'సహాయం అందడంలో జాప్యానికి కారణాలు' అన్న శీర్షిక కింద, మొదటి కారణంగా.