పచ్చకోక మనిషి మౌనం

ఏదైనా ఊచకోత నవల మీద పీహెచ్‌డీ వైవా జరిగే రోజున ఆ నవలలో చచ్చిపోయినవాళ్లు పుస్తకంలోంచి లేచి వచ్చి సెమినార్ హాలు వెనక వరసల్లో కూర్చోవడం ఆ విశ్వవిద్యాలయం తెలుగు శాఖలో మామూలే. వచ్చేది పుస్తకంలోంచే గనక వాళ్లకు ప్రయాణ భత్యం ఇవ్వరు. టీ మాత్రం ఇస్తారు. ఆడిట్ వాళ్లు ఒకసారి అభ్యంతరం పెట్టారు గానీ, మర్యాద ఖర్చు కింద చూపించి సర్దేశారు. నిబంధన ఒక్కటే, వాళ్లు నోరు విప్పకూడదు. ఎందుకంటే వాళ్లు ఆకరాలు. పరిశోధకులు సమాచారం తవ్వుకునే చోటును ఆకరం అంటారు. అదే లేచి మాట్లాడటం మొదలెడితే ఇక పరిశోధకులు దేనికండీ?

కుందన వైవా రోజున హాలు కిటకిటలాడిపోయింది. అబ్బో, ఆ సందడి చూసి తీరాలి! ఆమె తీసుకున్నది గూడెం గూడెమంతా తగలబడిన నవలాయె, జనానికి లోటేముంది? కుర్చీలు చాలక పక్క గదుల్లోంచి బెంచీలు మోయించారు. కరువు నవల తీసుకున్న తోటి పరిశోధకుడు గుమ్మంలోంచి తొంగిచూసి మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు. కుందన కాళ్లు నేల మీద ఆనడం లేదు. ఈ పూట గట్టెక్కితే డాక్టర్ కుందన, డిగ్రీ కాలేజీలో ఉద్యోగం. లేదా హాస్టల్ గది ఖాళీ చేసి, ఇన్నేళ్ల చాకిరీ మూట కట్టుకుని ఇంటికి పోవడమే.

ఆమె సిద్ధాంత గ్రంథమంతా ఒక్క మనిషి చుట్టూ తిరుగుతుంది. నవలలో ఆవిడకి పేరు లేదు, పచ్చకోక మనిషి అంతే. గుడిసె అంటుకున్నప్పుడు ఆవిడ ‘ఒక్క మాటైనా లేకుండా నిలబడింది’ అని నవలాకారుడు రాశాడు. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని కుందన మూడు అధ్యాయాలు లాగించింది. ఆ మౌనం ధిక్కారమంది, సౌందర్యమంది, భాషకు అవతలి భాష అంది. బయటినుంచి పరీక్షకురాలిగా వచ్చిన విద్యుల్లత గారు చదివి ముగ్ధురాలైపోయారు.

సరిగ్గా ఆ అధ్యాయాల గురించి మాట్లాడుతుండగా వెనక బెంచీలోంచి పచ్చకోక మనిషి లేచి నిలబడింది.

“అమ్మా, నేను అరిశాను.”

కుందన గైడు ఆచార్య నీలాద్రిరావు గారు చలించలేదు. “అమ్మా, మీరు ఆకరం. కూర్చోండి.”

“అది కాదయ్యా. గొంతు పగిలేట్టు అరిశాను. లోపల నా బిడ్డ ఉండాది. మల్లీ, మల్లీ అని పిలిచాను.”

విద్యుల్లత గారు ఉత్సాహంగా ముందుకు వంగారు. “ఏ పేజీలోనమ్మా?”

“పేజీ ఏందమ్మా? అరిశానంటున్నా గదా.”

“పేజీ లేకపోతే మేం ఎలా తీసుకుంటాం? మీరే చెప్పండి.”

“రాసినాయన ఆ పూట ఊళ్లో లేడమ్మా. ఆయనకేం ఇనపడుద్ది?”

“అది రచయిత దృక్కోణం. దాని మీద మా శాఖలో వేరే అబ్బాయి పనిచేస్తున్నాడు,” అన్నారు నీలాద్రిరావు గారు.

విద్యుల్లత గారు కుందన వైపు తిరిగారు. “మీరు చెప్పండి. ఆవిడ మౌనంగా ఉందా, లేదా?”

బిడ్డ పేరు కుందన చెవుల్లో గింగురుమంటూనే ఉంది. సిగ్గుతో చచ్చిపోయింది కూడా. కానీ అరిచిందని ఒప్పుకుంటే మూడు అధ్యాయాలూ గంగలో కలిసినట్టే.

“మౌనంగానే ఉంది మేడమ్,” అంది. “నూట పన్నెండో పేజీ, కింది పేరా.”

హాలంతా చప్పట్లు. ఆ చప్పట్ల మధ్యే పచ్చకోక మనిషి “మల్లీ!” అని పెట్టిన కేకకి కిటికీ అద్దాలు గలగలలాడాయి. విద్యుల్లత గారి కళ్లు చెమర్చాయి.

“ఎంత మౌనమండీ,” అన్నారు పక్కాయనతో. “ఒళ్లు జలదరిస్తోంది.”

డాక్టరేటు అక్కడికక్కడే ప్రకటించారు. దండలు వేశారు, మైసూర్‌పాక్ పంచారు. అందరూ ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ గ్రూప్ ఫొటోకి నిలబడ్డారు. ఆకరాలు లేకుండా ఫొటో ఏం బాగుంటుందని వాళ్లనీ వెనక నిలబెట్టారు.

ఫొటోగ్రాఫర్ కెమెరా దించి, “ఆ పచ్చకోకావిడ నోరు తెరుచుకునే ఉందండీ, ఫొటో పాడవుతుంది,” అన్నాడు.

కుందన వెనక్కి తిరిగింది. ఆ ఆనందంలో ఆమె గొంతు ఎంతో మెత్తగా వచ్చింది.

“ఒక్క నిమిషం నోరు మూసుకో అమ్మా. అయిపోవచ్చింది.”

ఆవిడ మూసుకుంది. ఫొటో చాలా బాగా వచ్చింది. గ్రంథం అచ్చయినప్పుడు దాన్నే అట్ట మీద వేశారు.