మంత్రిగారు హాజరు

ఇకపై ఆటిజం ఉన్న ఏ బిడ్డా బడికి రానక్కర్లేదని, బడే బిడ్డ ఇంటికి వెళ్తుందని విద్యాశాఖ మంత్రిగారు ప్రకటించారు. ప్రకటిస్తూ కళ్ళు తుడుచుకున్నారు. ఒక ఫొటోగ్రాఫర్‌కి ఫ్లాష్ పడకపోతే మళ్ళీ తుడుచుకున్నారు. ఎంత ఓపికండీ ఆయనకి! "ఇది కేవలం ఆప్షన్. బలవంతం ఎంతమాత్రం లేదు" అని కూడా సెలవిచ్చారు.

ఆ ఆప్షన్ అందరికంటే ముందు లెక్కలమ్మ ఇంటికే వచ్చింది. లెక్కలమ్మంటే దర్జీ ఆవిడ కూతురు, నాలుగో తరగతి. భిన్నాలంటే ప్రాణం. బడిగంటంటే మాత్రం చెవుల్లో సూదులు గుచ్చినట్టే. మోగినప్పుడల్లా చెవులు మూసుకుని బెంచీ కిందకి దూరేది. ఆ గంట కాస్త మెల్లగా కొట్టించమని తల్లి అడిగిన ప్రతిసారీ హెడ్‌మిస్ట్రెస్ ఎంతో సానుభూతి చూపించేది. గంట యథాప్రకారం మోగేది.

"ఆప్షన్ వచ్చిందిగా అమ్మా, తీసుకోండి" అంది హెడ్‌మిస్ట్రెస్.

"వద్దనుకుంటేనండీ?"

"అనుకోవచ్చు. ఆప్షనేగా! సీటు మాత్రం నిన్ననే వేరే పిల్లకి ఇచ్చేశాం."

తల్లి అదే బడి పిల్లలకి కుట్టాల్సిన యూనిఫారాల బట్ట చంకన పెట్టుకుని ఇంటికొచ్చేసింది.

నిజం చెప్పొద్దూ, ఆన్‌లైన్ క్లాసు బాగానే ఉంది. గంట లేదు, గోల లేదు. తెర మీద కనిపించే టీచరు గొంతు పెంచేది కాదు. పిల్ల జవాబు టైపు చేసేదాకా తొందరపెట్టకుండా ఆగేది. బడిలో నోరు విప్పని లెక్కలమ్మ ఒకరోజు క్లాసు చివర "టీచర్, ఇంకో లెక్క" అంది. పక్కగదిలో మిషను తొక్కుతున్న తల్లి కాలు ఆగిపోయింది. ఆ పూట సంతోషం పట్టలేక ఒక చొక్కాకి కాలరు తిరగేసి కుట్టింది.

అంతలో ఫోన్‌కి మెసేజీ వచ్చింది. "మీ చిన్నారి గైర్హాజరు. ఇలాగే కొనసాగితే స్కీములో సీటు రద్దు." ఆవిడ వెంటనే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసింది.

"పాప కెమెరాలోకి చూడట్లేదమ్మా. కళ్ళు కనబడితేనే పోర్టల్ హాజరు వేస్తుంది" అన్నాడు ఆఫీసరు.

"దానికి ఆటిజం అండీ. ఎవరి కళ్ళల్లోకీ సూటిగా చూడదు. కాగితం చూసుకుంటూ లెక్కలన్నీ చేసేస్తుంది."

"ఆటిజం ఉంటేనే కదమ్మా స్కీములో చేర్చుకునేది!"

"చేర్చుకుని కళ్ళల్లోకి చూడమంటే ఎలాగండీ?"

"నిపుణుల కమిటీ పెట్టిన రూలు."

"ఆ నిపుణులు ఎప్పుడైనా ఇలాంటి పిల్లల్ని చూశారా?"

"కమిటీ మీటింగు ఆన్‌లైన్‌లో జరిగిందమ్మా. ఎవరూ కెమెరా ఆన్ చెయ్యలేదు."

తల్లి కూతుర్ని బతిమాలింది. కెమెరా చుట్టూ రంగురంగుల గుండీలు అంటించింది. లెక్కలమ్మ వాటిలో ఎర్రవెన్ని, పచ్చవెన్ని లెక్కగట్టి, భిన్నాలుగా రాసేసి, మళ్ళీ తల వంచుకుంది.

సరిగ్గా అప్పుడే సర్కారు వారి స్టడీ కిట్టు దిగింది. అందులో పుస్తకాలూ పెన్సిళ్ళూ లాంటి చిల్లర సామాన్లు లేవు. మంత్రిగారి పెద్ద రంగుల ఫొటో ఉంది. చదువుకునే గదిలో తగిలించి తీరాలట. ఎదురుగా పెడితే "ఆయన నన్నే చూస్తున్నాడు, తీసెయ్" అని లెక్కలమ్మ గోల పెట్టింది. సరేనని తల్లి దాన్ని పిల్ల వీపు వెనక గోడకి కొట్టింది.

మర్నాడు క్లాసు మొదలవగానే పోర్టల్ టింగుమంది. "హాజరు. ఏకాగ్రత నూటికి నూరు."

తల్లి తెర చూసింది. వంచుకున్న కూతురి తల చూసింది. ఆ తల పైనుంచి కెమెరాలోకి కన్నార్పకుండా చూస్తున్న మంత్రిగారిని చూసింది. ఫొటో కాస్త పక్కకి ఒరిగి ఉంటే జాగ్రత్తగా సరిచేసింది.

స్కీము మొత్తమ్మీద అంతటి ఏకాగ్రత ఇంకెవరికీ లేదట. మెడల్ పట్టుకుని మంత్రిగారే స్వయంగా విచ్చేశారు.

"కెమెరాలోకి అంత బాగా ఎలా చూస్తావు, తల్లీ?"

"నేను చూడను. ఆయన చూస్తారు" అని లెక్కలమ్మ ఫొటో వైపు వేలు చూపించింది. అబద్ధమాడటం చేతకాని పిల్ల.

తల్లి గబుక్కున ఫొటోకి అడ్డంగా నిలబడింది. వెంట వచ్చిన ఆఫీసరు చెమట తుడుచుకున్నాడు. మంత్రిగారు కళ్ళు తుడుచుకున్నారు. ఈసారి ఫ్లాషులన్నీ పడ్డాయి.

"విన్నారా! నా ఫొటో ఒక్కటుంటే చాలు, ఏకాగ్రత అదే వస్తోంది. ఇన్నాళ్ళూ టీచర్ల మీద అనవసరంగా ఆధారపడ్డామయ్యా!"

ఆయన మాటంటే మాటే. మరుసటి వారం లెక్కలమ్మ లెక్క చేసి, జవాబు టైపు చేసి, టీచరు మాట కోసం ఆగింది. మాట వినబడలేదు. తలెత్తి చూసింది. తెర మీద టీచరు లేదు, మంత్రిగారి ఫొటో ఉంది. గోడ మీది మంత్రిగారి కేసి చూసి చిరునవ్వు నవ్వుతోంది.

"అమ్మా, నా టీచరేదీ?"

తల్లి విసురుగా వచ్చి గోడ మీది ఫొటో పీకెయ్యబోయింది. పీకితే సీటు పోతుంది. ఎత్తిన చెయ్యి ఫొటో అంచు మీదే ఆగిపోయింది.

"టీచర్, ఇంకో లెక్క" అంది లెక్కలమ్మ తెరతో.

పోర్టల్ టింగుమంది. "హాజరు. ఏకాగ్రత నూటికి నూరు."