కారు దగ్గరుండే మనిషి

ఆ ఆదివారం పొద్దున సోషల్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కొండ ఎక్కాలి, పైన కాసేపు ఒంటరిగా కూర్చోవాలి, దిగి వచ్చేయాలి. ఎవరితోనూ మాట్లాడకూడదు. భార్య పోయాక వచ్చిన మొదటి చలికాలం అది. కనబడ్డ ప్రతివాళ్ళూ తల ఒక పక్కకు వంచి "ఎలా ఉన్నారు మాస్టారూ?" అని అడగడం, ఆయన "బాగానే ఉన్నాను" అనడం, ఆ తరువాత ఇద్దరూ నేల చూపులు చూడటం మామూలైపోయింది. ఇవేవీ లేని చోటు, ఆయనకు తెలిసినంతలో, ఆ కొండ ఒక్కటే.

తెలిసినంతలో అనడం కూడా ఎక్కువే. బడిలో ముప్ఫై ఏళ్ళపాటు కొండలూ లోయలూ నల్లబల్ల మీద గీసి చూపించిన మనిషి, ఊరి అంచున ఉన్న ఆ కొండ మీద ఒక్కనాడూ కాలు పెట్టలేదు. ఎక్కేది ఆవిడ. చాలా ఏళ్ళ కిందట ఒకసారి కిటికీలోంచి కొండను చూసి "ఎంత బాగుందో" అంది. మాస్టారు ఏ మాటనూ తేలిగ్గా తీసుకునే రకం కాదు. మరుసటి వారమే ఆవిడకు నడక బూట్లు కొనుక్కొచ్చారు. అప్పటినుంచీ ఆకులు రాలడం మొదలైంది మొదలు చలి తగ్గేదాకా ప్రతి ఆదివారం ఆవిణ్ణి కారులో కొండ కిందికి తీసుకువెళ్ళేవారు. ఏటా ఒక వస్తువు వచ్చి చేరేది. చేతికర్ర, తడవని కోటు, చెవులు కప్పే ఉన్ని టోపీ. ఆవిడ పైకి వెళ్ళేది. ఆయన కారులో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకునేవారు. ఆవిడ ఏకాంతం చెడగొట్టడం ఇష్టంలేక ఏనాడూ వెంట వెళ్ళలేదు. దిగివచ్చాక "పైన ఎలా ఉంది?" అని అడిగితే, "శిఖరం మీద చదునైన రాయి ఒకటి ఉందండీ. దాని మీద కూర్చుంటే ప్రాణం లేచివస్తుంది" అనేది. ఇప్పుడు మాస్టారికి ఆ రాయి కావాలి. ఒక్కసారి దాని మీద కూర్చుంటే చాలు.

కాబట్టి కొండ గురించి ఆయనకు ఏమీ తెలియదు. కొండ కింద కార్లు ఆపే మైదానం గురించి మాత్రం ఆయనకు తెలియనిది లేదు. పొద్దున్నే ఎండ ఏ మూలకు వస్తుందో, రాలిన ఆకుల కింద గుంట ఎక్కడ దాక్కుంటుందో, చూడటానికి చదునుగా ఉన్న ఏ నేల మీద బండి మెల్లగా వెనక్కి జారుతుందో అన్నీ కరతలామలకం.

ఆ పొద్దున కారు ఆపి, కొత్త బూట్లు వేసుకుని, కొత్త సంచీ భుజాన తగిలించుకుని, మాస్టారు నాలుగడుగులు వేశారు. అంతలో ఒక పెద్ద బండి వచ్చి తిన్నగా ఆకుల గుంటవైపు తిరిగింది. మాట్లాడకూడదన్న నియమం అక్కడితో సరి.

"ఎడమకి తిప్పండి, ఎడమకి. ఆ ఆకుల కింద గుంట ఉంది. అలాగే ముక్కు బయటికి పెట్టి ఆపండి. మంచు పడితే వెనక్కి తియ్యడం కష్టం. వెనక చక్రం కింద రాయి పెట్టడం మరిచిపోకండి."

బండిలోంచి ఒక పళ్ళ డాక్టరూ, ఆయన ఆస్పత్రి సిబ్బందీ దిగారు. ఏడాదికొకసారి అందరూ కలిసి ఎక్కడికైనా వెళ్ళడం వాళ్ళ అలవాటు. డాక్టరుకు ఇంకో అలవాటు ఉంది. ఆయన ప్రశ్న అడిగేవేళకు ఎదుటివాళ్ళ నోట్లో ఎప్పుడూ ఏదో ఒక పరికరం ఉంటుంది. అందుచేత జవాబు కోసం ఆగడం ఆయన ఏనాడో మానేశారు.

"చాలా కాలంగా వస్తున్నట్టున్నారే ఇక్కడికి?" అన్నారు డాక్టరు.

"ఇరవై ఏళ్ళు దాటింది. కానీ నేను..."

"ఇరవై ఏళ్ళట, విన్నారా? పైదాకా ఎంతసేపు పడుతుందండీ?"

"మా ఆవిడకి రానూపోనూ రెండు గంటలు పట్టేది. నేనైతే..."

"మీరైతే ఇంకా తొందరగా. అర్థమైంది. మా అదృష్టం బాగుంది."

మాస్టారు మరో మాట అనబోతుండగా రిసెప్షనిస్టు అమ్మాయి బూటు లేసు నేలమీద ఈడ్చుకుంటూ కనబడింది. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఊడిన లేసును చూసి ఊరుకున్న పాపాన ఆయన ఎన్నడూ పోలేదు. "అమ్మాయ్, లేసు కట్టుకో. రెండు ముళ్ళు వెయ్యి" అన్నారు. ఆ అమ్మాయి కట్టుకుని నిటారుగా నిలబడింది. మిగతావాళ్ళు కూడా వంగి తమ లేసులు చూసుకున్నారు.

అదే సమయానికి ఇంకో కారు వచ్చింది. నడుపుతున్నది అల్లుడు. దారి చెబుతున్నది అత్తగారు. ఆవిడకు మోకాళ్ళు పట్టేస్తున్నాయని, నడిస్తే మంచిదని ఎవరో చెప్పారు. కూతురు జలుబు వంక పెట్టి ఇంట్లో ఉండిపోయింది. మాస్టారు చెయ్యి ఊపి వాళ్ళ కారునూ వరుసలో నిలబెట్టించారు.

"చూశావా అబ్బాయ్, ఒక్కసారికే ఎలా పెట్టించారో. నువ్వైతే ఈపాటికి మూడు చెట్లు గుద్దేవాడివి" అంది అత్తగారు.

"చెట్టు ఒక్కటే గుద్దానండీ, అదీ పోయినేడు" అన్నాడు అల్లుడు వినయంగా.

ఆ తరువాత వచ్చిన కార్లు కూడా మాస్టారి చెయ్యి చూసే ఆగాయి. మైదానం నిండేసరికి ఒక చిన్న గుంపు ఆయన చుట్టూ నిలబడి, తరువాత ఏం చెయ్యాలో చెబుతారని ఎదురుచూస్తోంది.

మాస్టారు తప్పించుకునే ఉపాయం ఆలోచించారు. ఎడమవైపు వెడల్పాటి కాలిబాట ఉంది. ఆవిడ ఎప్పుడూ వెళ్ళేది అటే. జనం కూడా అటే వెళతారు కాబట్టి, తాను కుడివైపున మరుగుదొడ్ల వెనక ఉన్న సన్న దారి పట్టుకుంటే సరి. పైన కలుసుకునేలోగా కాస్త ఏకాంతం దొరుకుతుంది. "మీరంతా పదండి, నేను నిదానంగా వస్తాను" అని ఆయన మరుగుదొడ్ల వెనక్కి నడిచారు. వెనక్కి తిరిగి చూసేసరికి అందరూ వరసగా వస్తున్నారు.

"మామూలు జనం వెళ్ళే దారిలో వెళితే ఈయనెందుకు?" అంటున్నారు డాక్టరు.

అది దారి కాదు, ఎండిపోయిన వాగు. రాళ్ళ మీద తడి ఆకులు సబ్బు పూసినట్టున్నాయి. మాస్టారు ఆయాసంతో పది అడుగులకోసారి ఆగి చేతికర్ర మీద ఆనుకున్నారు. ఆయన ఆగినప్పుడల్లా గుంపు ఆగింది. ఆయన ఊపిరి కోసం తల ఎత్తితే, చూడదగ్గది ఏదో చూపిస్తున్నారనుకుని అందరూ తలలెత్తారు.

"ఇన్నాళ్ళకి నా కాళ్ళకి సరిపడా నడిచే మనిషి దొరికాడు" అంది అత్తగారు అల్లుడితో. "నువ్వూ ఉన్నావు, ముందు పరిగెత్తి పోయి అక్కడ నిలబడి గడియారం చూసుకుంటావు."

దీనికితోడు ఆ సంచీ ఒకటి. కొండకు ఏం తీసుకువెళ్ళాలో తెలియక మాస్టారు దుకాణంవాడు చూపించినవన్నీ కొనేశారు. కొన్న ప్రతి వస్తువుతో వచ్చిన సూచనల కాగితం, పరీక్షకు చదివినట్టు చదివారు. అందుచేత రిసెప్షనిస్టు బూటు అడుగు ఊడినప్పుడు ఆయన సన్నతాడు తీసి కట్టారు. ఒకాయన సాక్సు నీళ్ళలో తడిస్తే పొడివి ఇచ్చారు. అత్తగారికి చలేస్తే ఒంటి వేడి నిలిపే పలచటి వెండిరంగు దుప్పటి విప్పి కప్పారు. ఆవిడ దాన్ని భుజాల చుట్టూ లాక్కుని, వండడానికి వెండికాగితంలో చుట్టిన చేపలా మెరుస్తూ నడిచింది. ఒక్కొక్క వస్తువు బయటికి వచ్చినకొద్దీ ఆయన మీద గుంపుకు నమ్మకం పెరిగింది. దారి తప్పి తిరుగుతున్న మరో నలుగురు పక్కనుంచి వచ్చి, ఏమీ అడగకుండానే వెనక చేరారు.

వాగు రెండుగా చీలిన చోట మాస్టారు నిలబడిపోయారు. ఎటు వెళ్ళాలో తెలియలేదు. ఇక దాచడం ధర్మం కాదనిపించింది.

"చూడండి, నేను చెప్పేది కాస్త వినండి. నేను ఈ కొండ ఎప్పుడూ ఎక్కలేదు. నాకు దారి తెలియదు."

డాక్టరు హాయిగా నవ్వారు. "నేనూ అంతేనండీ. పేషెంటు మరీ భయపడుతుంటే, నేను పన్ను పీకడం ఇదే మొదటిసారని చెబుతాను. నవ్వేస్తారు, భయం పోతుంది."

"ఫోనులో చూస్తానుండండి" అన్నాడు అల్లుడు. చాలాసేపు చూశాడు. "దీని ప్రకారం మనం ఇప్పుడు చెరువులో ఉన్నాం."

"దాన్ని లోపల పెట్టు. పెద్దాయన్ని ఆలోచించుకోనీ" అంది అత్తగారు.

మాస్టారు కుడివైపు తిరిగారు. అదృష్టమో, కొండకు పైభాగం ఒక్కటే ఉండటమో, మధ్యాహ్నానికి ముందే అందరూ శిఖరం చేరారు.

శిఖరం మీద ఒక స్తంభం, బోలెడంత గాలి, మోకాలెత్తు రాళ్ళ గుట్టలు ఉన్నాయి. చదునైన రాయి లేదు. మాస్టారు ఒక చుట్టు తిరిగి చూశారు. వెనక గుంపు కూడా ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు కూడా అయ్యాక ఆయన స్తంభం పక్కన ఆగి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు.

"ఏమైనా పోయిందాండీ?" అన్నారు డాక్టరు.

"మా ఆవిడ ఇక్కడ ఒక రాయి మీద కూర్చునేది. చదునుగా ఉంటుందని చెప్పేది. ఈ ఏడు ఆవిడ లేదు. ఎండాకాలంలో చనిపోయింది. ఒకసారి నేను కూడా ఆ రాయి మీద కూర్చుందామని వచ్చాను. అంతకుమించి నాకు ఈ కొండతో పని లేదు."

పళ్ళ డాక్టరు మొదటిసారి ఒక మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగారు. కోటు గుండీలు పెట్టుకుని, వంగి, రాళ్ళ మధ్య వెతకడం మొదలుపెట్టారు.

మిగతావాళ్ళూ చెదిరి వెతికారు. "ఇది చదునే కదండీ?" అని రిసెప్షనిస్టు ఒక రాయి చూపించింది. అత్తగారు వెంటనే దాని మీద కూర్చుని, వెంటనే లేచింది. "దీని మీద ఏ ఆడదీ ప్రతి ఆదివారం కూర్చోదు. ఇంకోటి చూడండి." వెడల్పాటి దారిలో అప్పుడే పైకి వచ్చినవాళ్ళు, ఇంతమంది నేల చూస్తూ తిరగడం చూసి, ఎవరిదో ఏదో పడిపోయిందనుకుని తామూ వెతికారు. కాసేపటికి మాస్టారి చేతిలో ఒక చేతితొడుగు, ఒక కళ్ళజోడు పెట్టె, ఎవరిదో తాళంచెవి ఉన్నాయి. రాయి మాత్రం దొరకలేదు.

మంచు కమ్మడం మొదలైంది. "వెళ్దాం, కాసేపట్లో దారి కనబడేలా లేదు" అన్నారు మాస్టారు. తాను తప్పు కొండకు వచ్చానేమో అన్న అనుమానం ఆయన్ని గట్టిగా పట్టుకుంది. ఈసారి ఆయన ముందు నడవలేదు. వెడల్పాటి దారి తిన్నగా కిందికి దిగుతోంది. చెట్లకు రంగు గుర్తులు కూడా వేసి ఉన్నాయి. పొద్దున ఇదే దారిలో వచ్చి ఉంటే ఎవరూ ఎవరినీ అనుసరించాల్సిన అవసరమే ఉండేది కాదని అందరికీ తెలుస్తూనే ఉంది. ఎవరూ పైకి అనలేదు.

మైదానం ఇంకా కాస్త దూరం ఉందనగా, దారి చివరి మలుపులో ఒక చిన్న టీ కొట్టు వచ్చింది. రేకుల కప్పు, పొయ్యి, బయట ఒక చెక్క బెంచీ. కొట్టు నడిపే ఆవిడ గ్లాసులు కడుగుతూ తల ఎత్తి మాస్టారిని తేరిపార చూసింది.

"మీరు కారు దగ్గరుండే ఆయన కదూ? ఇన్నేళ్ళకి పైకొచ్చారన్నమాట. అమ్మగారు రావడంలేదేమండీ ఈ మధ్య?"

మాస్టారు చెప్పారు. కొట్టావిడ గ్లాసు పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది.

"మా ఆవిడ శిఖరానికి వెళ్ళొస్తూ ఇక్కడ ఆగేదా?" అని అడిగారు మాస్టారు.

"శిఖరమా? ఆవిడ ఈ మలుపు దాటి ఒక్కసారీ పోలేదండీ. ఎక్కితే ఆయాసం. బూట్లు విప్పి ఆ మూల పడేసి, నా చెప్పులు వేసుకుని ఈ బెంచీ మీద కూర్చునేవారు. 'ఆయన ఇంత ప్రేమగా బూట్లు కొన్నాక కొండ ఎక్కలేనని ఎలా చెప్పను?' అనేవారు."

"మరి రాయి?"

"ఏ రాయండీ?"

మాస్టారు చేతికర్ర బెంచీకి ఆనించారు. అప్పుడు అడిగారు. "అంతసేపు ఏం చేసేది ఇక్కడ?"

"మిమ్మల్ని చూస్తుండేవారు. ఇక్కణ్ణించి కింద అంతా కనబడుతుంది. ఎవడో బండి వంకరగా పెట్టేవాడు. మీరు పేపర్లు వదిలేసి దిగేవారు. 'అదిగో, దిగారు చూడు' అనేవారు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకునేవారు. కిందికి వెళ్ళి మీ పక్కన కూర్చోవచ్చు కదా అంటే, 'వద్దు, ఆయనకి ఒంటరిగా ఉండటం ఇష్టం, చెడగొట్టకూడదు' అనేవారు."

గుంపులో అత్తగారు ముందుగా తేరుకుంది. వెండి దుప్పటి మడిచి మాస్టారి సంచీలో పెట్టింది. "పదండి అందరూ. ఇక్కణ్ణించి దారి మనకి తెలుసు. అబ్బాయ్, నా చెయ్యి పట్టుకో. పట్టుకోమన్నాను, లాగమన్లేదు." డాక్టరు మాస్టారి భుజం మీద చెయ్యి వేసి, ఏ ప్రశ్నా అడగకుండా వెళ్ళిపోయారు.

కొట్టావిడ ఒక టీ గ్లాసు బెంచీ మీద పెట్టి లోపలికి పోయింది. మాస్టారు బూట్లు విప్పుకుని, బెంచీకి ఒక పక్కగా, ఇంకొకరికి చోటు వదిలి కూర్చున్నారు. గాలికి మంచు పలచబడి కింద మైదానం మొత్తం బయటపడింది. ఆయన చాలాసేపు చూశారు.

పొద్దున తాను దగ్గరుండి నిలబెట్టించిన కార్ల వరుస, అక్కణ్ణించి చూస్తే, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వంకరగా ఉంది.