రైట్ చెప్పిందెవరు?

ఆ ఉదయం కళ్ళజోళ్ళ షాపాయన షాపు తలుపుకు సెలవు అట్ట తగిలించి, ఇంటికొచ్చి, సామాన్లన్నీ కారెక్కించి, గొంతు సవరించుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తన తండ్రికి ఒక షరతు పెట్టాడు.

“నాన్నా, ఈ ప్రయాణంలో డ్రైవర్నీ నేనే, కండక్టర్నీ నేనే. మీరు హాయిగా కూర్చుని రావాలి. అంతే.”

ఇంకో తండ్రయితే ఈ మాటకు సంతోషించేవాడు. కానీ ఈయన రిటైరైన బస్సు కండక్టరు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. వీధిలో అందరూ ఇప్పటికీ కండక్టరు గారనే పిలుస్తారు. ఇంటికి చుట్టాలొస్తే గుమ్మంలో నిలబడి “జరగండి, లోపలికి జరగండి, వెనకంతా ఖాళీయే” అంటూ హాల్లోకి తోస్తారు. ఇక కారెక్కితే చెప్పనే అక్కర్లేదు. వెనక వరసలో కూర్చుని, తలలు లెక్కపెట్టి, కారు డొక్క మీద లోపలినుంచి రెండు చరుపులు చరిచి “రైట్! రైట్!” అంటే తప్ప బండి కదలకూడదు. కదిలాక, “మెల్లిగా బ్రేకు వెయ్యరా, నిలబడ్డవాళ్ళు పడిపోతారు” అంటారు. కారులో ఎవరూ నిలబడి ఉండరన్న సంగతి ఆయనకు అనవసరం.

“అంటే నేను రైట్ కూడా చెప్పకూడదా?” అన్నారు కండక్టరు గారు.

“చెప్పకూడదు. గేరు గురించీ, బ్రేకు గురించీ కూడా ఏమీ అనకూడదు.”

“నాకేం! ప్యాసింజర్ని,” అని ఆయన టోపీ సర్దుకుని వెనక వరసలో దుప్పట్ల చుట్ట పక్కన కూర్చున్నారు. ఆ కూర్చోవడంలోనే అలక తెలుస్తోంది.

కొడుకు బాధ కొడుకుది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తండ్రిని ఎక్కించుకుని మాట పడకుండా కారు నడపాలని అతని కోరిక. ఆయన నోటివెంట “బాగా నడిపావురా” అన్న మాట వస్తే మరీ మంచిది. రాకపోయినా, ఏ మాటా రాకపోతే చాలు. దానికి తోడు అమ్మ సముద్రం చూడలేదు, ఈ ప్రయాణం అక్కడికే. కండక్టరు గారి రూటు సముద్రానికి ముందు ఊళ్ళోనే ఆగిపోయేది, రూటు దాటి అడుగు వేసే మనిషి కాదాయన. సముద్రం కనపడే వరండా ఉన్న గది అక్కడి గెస్ట్‌హౌస్‌లో ఒక్కటే ఉందట. భోజనాల వేళకు రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామని అక్కడి మేనేజరు ముందే చెప్పాడు.

తాళం తిప్పాడు. ఇంజిను పలికింది. కారు మాత్రం కదల్లేదు.

“ఏమైందండీ?” అంది పక్క సీట్లోంచి భార్య.

“ఏం లేదు,” అన్నాడు. నిజానికి అతని పాదం లేవడం లేదు. స్టీరింగు పట్టిన నాటినుంచీ వెనకనుంచి చప్పుడైతే గానీ కదలని పాదం అది. కండక్టరు గారు కిటికీలోంచి ఎదురింటి గోడను ఎంతో శ్రద్ధగా చూస్తున్నారు.

“ఆ చరుపేదో చరవండీ, ఎండెక్కుతోంది,” అంది పిల్లల నాయనమ్మ మధ్య వరసలోంచి.

“నాకు డ్యూటీ లేదు. నన్ను తీసేశారు,” అని ఆయన ముందుకు వంగి, నాయనమ్మ పక్కన కూర్చున్న చిన్న మనవరాలి భుజం తట్టారు. “బుజ్జమ్మా, ఇకనుంచి నువ్వే కండక్టరువి. నువ్వు చెబితేనే బండి కదలాలి. సరేనా?”

ఇంకా బడిలో కూడా వెయ్యని పిల్ల. సింహాసనం ఎక్కినంత గంభీరంగా తల ఊపి, నీళ్ళ సీసాతో తలుపు మీద రెండు బాది, “రైట్! రైట్!” అంది. కారు ఎగిరి దూకినట్టు కదిలింది. పోనీలే, చంటిపిల్ల చెబితే తప్పేముంది అనుకున్నాడు కళ్ళజోళ్ళాయన. ఆ రోజు అతను చేసిన తప్పుల్లో ఇది మొదటిది.

ఊరు దాటి చాలా దూరం పోయాక రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర ఆపాడు. అందరూ దిగారు, తాగారు, కాళ్ళు సాగదీశారు. “తొందరగా ఎక్కండి, గది పోతుంది” అని అతను వాచీ చూసుకుంటూ అందర్నీ తరిమాడు. కండక్టరు గారు మొహం కడుక్కుంటానని టోపీ తీసి మనవరాలికిచ్చి, కొట్టు వెనక్కి వెళ్ళారు. మనవరాలు ఆ టోపీ తీసుకెళ్ళి, వెనక వరసలో దుప్పట్ల చుట్టను కిటికీకి ఆనించి నిలబెట్టి, దాని నెత్తిన పెట్టింది. బాగుందనిపించి శాలువా కూడా కప్పింది. కండక్టరన్నాక ప్యాసింజరు ఉండాలి కదా. ఆ పైన తన సీట్లోకి వచ్చి కూర్చుని, సీసా అందుకుని, తలుపు మీద రెండు బాదింది.

“రైట్! రైట్!”

కళ్ళజోళ్ళాయన అద్దంలోకి చూశాడు. టోపీ కనపడింది. రోజూ ఎంతమందికో కళ్ళు పరీక్షించి, ఈ అక్షరం చదవండి, ఆ అక్షరం చదవండి అనే మనిషి, టోపీని చూసి దాని కింద తండ్రి ఉన్నాడని నమ్మేశాడు. పాదం దాని పని అది చేసింది.

ఆ తర్వాతి ప్రయాణం అతని జీవితంలోనే సుఖమైనది. లారీని దాటాడు, వెనకనుంచి మాట లేదు. గేరు కీచుమంది, మాట లేదు. 

“మావయ్య గారు నిద్రపోయినట్టున్నారు,” అంది భార్య గుసగుసగా.

“లేపకు, లేపకు. ఒరేయ్, నువ్వు కూడా ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చో,” అని ఫోనులో ఆట ఆడుకుంటున్న పెద్ద కొడుకుని హెచ్చరించాడు.

నాయనమ్మ ఓసారి వెనక్కి ఓరగా చూసింది. ఆవిడ మెడ నొప్పి వల్ల పూర్తిగా తిరగదు. “నిద్రా పాడా! అలిగారు,” అంది. మొగుడు మాట్లాడకుండా కూర్చున్న అవకాశం ఆవిడకు పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి దొరకడం. ఇక అందుకుంది. “కొడుకు ఒక్క మాట అంటేనే ఇంత అలకా? నేనెన్ని పడ్డాను? మా చెల్లెలి పెళ్ళికి డ్యూటీ ఉందన్నారు. వీడు పుట్టినప్పుడు డ్యూటీ ఉందన్నారు. పక్కింటావిడ సముద్రం నుంచి గవ్వలు తెచ్చిస్తే పెట్టెలో దాచుకున్నాను గానీ, మీరు తీసుకెళ్ళింది లేదు...” ఆవిడ చెబుతూనే ఉంది. మధ్యలో కళ్ళొత్తుకుని, “ఎంత బుద్ధిగా వింటున్నారో! ఏమన్నా మనసు మంచిదే,” అని మెచ్చుకుని కూడా ముగించింది.

అప్పుడు స్పీడు బ్రేకరొచ్చింది. కళ్ళజోళ్ళాయన ఆనందంలో చూసుకోలేదు. కారు ఎగిరి పడింది. వెనకనుంచి ఏదో జారి దొర్లిన చప్పుడైంది. భార్య వెనక్కి తిరిగి చూసి కెవ్వుమంది.

“ఏమండీ! మావయ్య గారి తల!”

కారు ఆగింది. అతను దూకి వెనక తలుపు తెరిచేసరికి శాలువాలోంచి దుప్పట్లు బయటపడి ఉన్నాయి. టోపీ కింద పడి ఉంది. తండ్రి లేడు.

“నాన్నేరీ?”

“తాతయ్య అక్కడే దిగారుగా,” అంది చిన్నది.

“మరి నువ్వు రైట్ ఎందుకు చెప్పావే?”

“నువ్వేగా తొందరగా, తొందరగా అన్నావు!”

నాయనమ్మ దుప్పట్ల వంక చూసి నిట్టూర్చింది. “ఇంతసేపూ చెప్పిందంతా మళ్ళీ మొదట్నించీ చెప్పాలన్నమాట!” అంది. అన్నదే గానీ, మరుక్షణంలో ఆవిడ వచ్చిన దారి వైపు చెయ్యి చూపించింది. “ఒరేయ్, ఎండలో ఉన్నారురా. నెత్తిన టోపీ కూడా లేదు.”

అతను ఫోను తీసి తండ్రికి కలిపాడు. పెద్దవాడి చేతిలోని ఆట ఆగిపోయి, ఆ ఫోను మోగింది. అది తాతయ్యదే. టోపీ చేతిలోకి తీసుకునేసరికి కళ్ళజోళ్ళాయనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ‘ఏ మాటా రాకపోతే చాలు’ అనుకున్నందుకు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. ఈ క్షణంలో వెనకనుంచి ఎవరైనా “బ్రేకు మెల్లిగా వెయ్యరా” అంటే వాళ్ళ కాళ్ళకు దండం పెట్టేవాడు.

రోడ్డు మధ్యలో పొడవునా గోడ. కారు తిప్పుకునే చోటు దొరకడానికి ఇంకా ముందుకు పోవాల్సి వచ్చింది. తిప్పుకుని, వచ్చిన దారినే పరుగులు పెట్టించి టీ కొట్టు దగ్గరికి చేరేసరికి, కొట్టువాడు గ్లాసులు కడుగుతూ తాపీగా చెప్పాడు.

“పెద్దాయనా? మీ కారు వెనక కాసేపు పరిగెత్తారండీ. కేకలేశారు. తర్వాత బస్సొస్తే ఎక్కి వెళ్ళిపోయారు.”

“ఎటు?”

“మీరు వెళ్ళినవైపే.”

“అవును,” అన్నాడు పెద్దవాడు. “ఇందాక ఎదురుగా వచ్చిన బస్సులో కిటికీ దగ్గర కూర్చున్నారు. నాకు చెయ్యి ఊపారు. నేనూ ఊపాను.”

“చెప్పలేదేంరా!”

“ఎవరితోనూ మాట్లాడొద్దన్నావుగా!”

మళ్ళీ తిప్పడం, మళ్ళీ గోడ పొడవునా పోవడం. నాన్న మన కారుని చూసి దిగిపోయి ఉంటారని అతను, దిగి ఉండరని భార్య. ఈ వాదన తేలక, దారిలో ప్రతి బస్‌స్టాపులోనూ ఆపి, బట్టతల పెద్దాయన కనపడ్డారా అని అడిగారు. బట్టతల పెద్దాయనలు చాలామందే కనపడ్డారట. ఒక చోట ఒకాయన్ని పిలుచుకొచ్చి చూపించారు కూడా. ఆయన కారెక్కడానికి సిద్ధపడ్డాడు. నచ్చజెప్పి దింపేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి ముందు ఒక బస్సు కనపడింది. కళ్ళజోళ్ళాయన హారను మోగించుకుంటూ దాన్ని దాటి, కారు అడ్డంగా ఆపి, టోపీ ఊపుతూ నిలబడ్డాడు. బస్సు కీచుమని ఆగింది. అతను లోపలికి ఎక్కి “నాన్నా! నాన్నా!” అంటూ ఒక్కొక్క సీటూ వెతికాడు. పిల్లలు కూడా ఎక్కి వెతికారు. అది వేరే బస్సు.

“టికెట్ తీసుకోండి,” అన్నాడు ఆ బస్సు కండక్టరు.

“నేను ప్రయాణం చెయ్యడం లేదండీ, మా నాన్నని వెతుకుతున్నాను.”

“వెతకండి. ఎక్కినవాళ్ళు మాత్రం టికెట్ తీసుకోవాలి.”

కిందికి దిగాక డ్రైవరు వంతు. ఆయన కిటికీలోంచి సగం బయటికొచ్చి, “రోడ్డుకి అడ్డంగా కారు పెడతావా? అసలు నీకు బండి నడపడం నేర్పిందెవరయ్యా?” అని గద్దించాడు.

“వాళ్ళ నాన్నే బాబూ! ఆయన కోసమే వెతుకుతున్నాడు,” అంది నాయనమ్మ కారులోంచి.

గెస్ట్‌హౌస్ చేరేసరికి భోజనాల వేళ ఎప్పుడో దాటిపోయింది. తండ్రీ పోయాడు, గదీ పోయింది, ఇక పోలీసులకు చెప్పడమే అనుకుంటూ కళ్ళజోళ్ళాయన కాళ్ళీడ్చుకుంటూ ఆఫీసు గదిలోకి వెళ్ళాడు.

“మీరేనా ఆ దారి తప్పినవాళ్ళు?” అన్నాడు మేనేజరు. “పెద్దాయన భోజనాల వేళకు ముందే వచ్చేశారు. మావాళ్ళు వెనక వస్తున్నారు, గది ఎవరికైనా ఇస్తే ఊరుకోనని గుమ్మంలో అడ్డంగా కూర్చున్నారు. వచ్చినవాళ్ళందర్నీ ‘జరగండి, జరగండి’ అని పంపించేశారు.”

వరండాలో పడక్కుర్చీ. దానిలో కండక్టరు గారు. ఎదురుగా సముద్రం. కొడుకు పరుగెత్తి వెళ్ళి ఆయన చేతులు పట్టుకున్నాడు. వలవలా ఏడ్చేశాడు.

“ఎందుకురా ఏడుస్తావు? బస్సులున్నాయి కదా,” అన్నారాయన కంగారుగా. “మీరు వెనక్కి వెళ్తూ కనపడ్డారు. ఇంట్లో ఏదో మర్చిపోయి ఉంటారనుకున్నాను.”

“మిమ్మల్నే మర్చిపోయాం నాన్నా!”

“అలాగా!” అని, కోప్పడాల్సింది పోయి ఆయన మొహం వెలిగించుకున్నారు. “ఒరేయ్, ఆ కండక్టరు కుర్రాడు నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టాడురా. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నిలబడే ఉన్నాను. కిటికీ పక్కన ఇంత గాలొస్తుందని ఒక్క ప్యాసింజరూ నాతో చెప్పలేదు చూడు! బయటంతా ఎంత పచ్చగా ఉంటుందో!”

నాయనమ్మ వచ్చి ఆయన నెత్తిన టోపీ పెట్టి, పక్కన కూర్చుంది. చాలాసేపు సముద్రాన్ని చూసింది. ఆ వెంటనే ఆవిడ చెల్లెలి పెళ్ళి దగ్గర్నించి మొదలుపెట్టింది, ఆయన పారిపోవడానికి చోటు లేక మొత్తం విన్నారు.

సెలవులైపోయి బయల్దేరే రోజున కళ్ళజోళ్ళాయన కారు తుడిచి, తండ్రి దగ్గరికి వచ్చి చేతులు కట్టుకున్నాడు. “నాన్నా, షరతులేం లేవు. రైట్ మీరే చెప్పండి. బ్రేకు గురించి ఎంత కావాలంటే అంత చెప్పండి. మీరు మాట్లాడకపోతే నాకు భయంగా ఉంది.”

“నేను బస్సులో వస్తానురా. కిటికీ పక్కన,” అన్నారు కండక్టరు గారు.

“నేనూ బస్సే,” అంది నాయనమ్మ. “ఆయన పక్కన కూర్చుని ఒక్క ప్రయాణమూ చెయ్యలేదు ఇన్నేళ్ళలో.”

తాతయ్యతోనే వస్తామని పిల్లలిద్దరూ ఆయన చెరో చెయ్యీ పట్టుకున్నారు. భార్య అటూ ఇటూ చూసి, “పిల్లలతో పెద్దవాళ్ళు ఒక్కళ్ళే వేగలేరండీ,” అని చెప్పులేసుకుంది.

కళ్ళజోళ్ళాయన ఒక్కడే కారులో తిరిగొచ్చాడు. దారి పొడవునా సామాన్లు అతని డ్రైవింగు గురించి ఒక్క మాట కూడా అనలేదు.