ఇల్లు చేరని పాట

ఆ రోజు పొద్దున అద్నాన్ అనుకున్నది చాలా చిన్నది. మైలవరం రోడ్డులో సురేంద్ర కొత్తగా ట్రాక్టర్ల షోరూము తెరుస్తున్నాడు. అక్కడ తాను గిటారు వాయించే శంషుద్దీన్ ఆర్కెస్ట్రా పాటలుంటాయి. సినిమా పాటలు కొన్ని అయ్యాక తాను కట్టిన రాక్ పాట పాడాలి. తర్వాత బిర్యానీ తిని, గిటారు భుజాన వేసుకుని జమ్మలమడుగులోని ఇంటికి వచ్చేయాలి.

ప్రొద్దుటూరు శంషుద్దీన్ చాలా ఏళ్లుగా పెళ్లిళ్లలో పాడిస్తున్నవాడు. సొంత పాటంటే ఆయనకు సొంత వైద్యమంత భయం. అద్నాన్ వెంటపడి వెంటపడి ప్రాణం తీస్తే చివరికి ఒప్పుకుని షరతు పెట్టాడు.

"పాట అయిపోయేదాకా కుర్చీలోంచి ఒక్కరు గూడా లేచిపోగూడదు. పోయినారంటే ఇంక ఆ పాట మాటెత్తగూడదు నువ్వు. నోరు మూసుకోని పాతవే వాయించాల."

ఏ పాటైనా ఎంత తిరిగినా మొదలైన స్వరానికి వచ్చి ఆగుతుంది, సాయంత్రం మనిషి ఇల్లు చేరినట్టు. ఈ పాట చేరదు. కింది నుంచి ఒక్కసారిగా పైకి దూకుతుంది. అక్కడి నుంచి జారి, రెండు మెట్ల మధ్య కాలు పెట్టినట్టు ఒకచోట నిలబడిపోతుంది. దానికి స్నేహితుడు ఆరిఫ్ ఇచ్చే రెండో గొంతు ఇంకా వింత. అద్నాన్ పట్టిన స్వరాన్నే పట్టకుండా, దాని పక్కనే కాస్త కిందగా పట్టుకుంటాడు. రెండు గొంతులూ ఒరుసుకుని, ఎండాకాలం తారురోడ్డు మీద గాలి వణికినట్టు వణుకుతాయి.

"దీన్ని యాడ పట్టుకొచ్చినావప్పా?" అని అడిగాడు శంషుద్దీన్, మొదటిసారి విన్నప్పుడు.

"కలలో వచ్చింది చాచా."

"కల సగంలోనే లేచినట్టుండావే. ఆఖరేదీ?"

అద్నాన్ అబద్ధం చెప్పలేదు. ఊరి చివర వాళ్ల మిద్దె మీద పడుకుంటే తెల్లవారుతుండగా, నిద్రకూ మెలకువకూ మధ్య, ఆ రాగం వచ్చేది. శనగచేల మీది పొగమంచు దాటి, పెన్నా దిక్కు నుంచి, ఎవరో ఎవరినో పిలుస్తున్నట్టు. కళ్లు తెరిస్తే ఉండేది కాదు. అందుకే కళ్లు మూసుకునే నేర్చుకున్నాడు, కళ్లు మూసుకునే పాడతాడు.

షోరూము ముందు షామియానా వేశారు. కొత్త ట్రాక్టర్లకు చక్రాలు కనపడనంతగా బంతిపూల దండలు. కుర్చీల నిండా రైతులు. రోడ్డుకు అవతల కోతలైపోయిన శనగచేను.

పాట మొదలైంది. రెండు గొంతులూ ఒరుసుకోగానే మైకు మనిషి ఉలిక్కిపడ్డాడు. వైరు వదులై గుయ్యిమంటోందనుకున్నాడు. ఒకటి పీకి ఇంకొకటి గుచ్చాడు. వణుకు తగ్గలేదు. జనానికి వినపడకపోతే చాలని పెద్ద హారన్ స్పీకరును చేనువైపు తిప్పి, జబ్బు ఎక్కడుందో తెలుసుకుందామని సౌండు పెంచాడు.

చేనులో కాపరి గంగులమ్మ గొర్రెలు రాలిన ఆకు ఏరుకుని తింటున్నాయి. మొదట ఒక పొట్టేలు తలెత్తింది. తర్వాత మందంతా తలెత్తింది. కాసేపటికి చేనులోని మబ్బు ఒకటి లేచి రోడ్డు దాటినట్టు, తొందరపడకుండా, మెడగంటలతో గొర్రెలన్నీ షామియానా వైపు కదిలాయి.

సురేంద్ర ముఖం వెలిగింది. "ఏంది శంషుద్దీన్, గొర్రెల్ని గూడా మాట్లాడినావా? నాతో చెప్పనే లేదే" అని, ఫొటోలు తీసేవాణ్ని ముందుకు తోశాడు.

అవి సురేంద్రే తెప్పించాడనుకుంటున్న శంషుద్దీన్ మర్యాదగా నవ్వి ఊరుకున్నాడు. ఇద్దరిలో ఎవరూ అదిలించలేదు. కార్యక్రమం పెట్టినవాళ్లే అదిలించని గొర్రెలను మిగతావాళ్లు ఎందుకు అదిలిస్తారు? పైగా దారి ఇచ్చారు.

గొర్రెలు వేదిక దాకా వచ్చి అద్నాన్ చేతులు చూశాయి. చేతుల్లో గిటారు తప్ప ఏమీ లేదు. పక్కకు చూస్తే బంతిపూలున్నాయి.

మొదటి ట్రాక్టరు దండ సగమయ్యేసరికి సురేంద్ర కేక వేశాడు. కుర్చీలు పడ్డాయి. ఎలాగూ లేచాం కదా అని జనం అటునుంచి అటే బిర్యానీ వైపు నడిచారు. అద్నాన్‌కు మెడగంటలు వినిపించాయి. కల బాగా దగ్గరికి వచ్చిందనుకున్నాడు. కళ్లు ఇంకా గట్టిగా మూసుకుని, ఆరిఫ్‌తో కలిసి పైస్వరానికి దూకాడు.

"ఎవుడ్రా నా గొర్రెల్ని పిలుస్తాండేది?"

కళ్లు తెరిచాడు. కుర్చీలు ఖాళీ. ముందు వరుస నుంచి చివరి దాకా గొర్రెలు, పూలు నములుతూ, తననే చూస్తున్నాయి. వాటి మధ్య కర్రతో గంగులమ్మ.

"పిలుపు నేర్చుకోని మందను తోలుకపోదామనుకున్న్యావా?"

అక్కడ ఒక్కో మందకు ఒక్కో పిలుపు. మైలవరం డ్యాము నీళ్ల దగ్గర రెండు మందలు కలిసిపోతే కాపరులు చెరోవైపు నిలబడి పిలుస్తారు. ఏ మంద గొర్రె ఆ మంద గొంతుకు పోతుంది. ఒకరి పిలుపు ఇంకొకరు పిలవడమంటే తాళంచెవి దొంగిలించడమే.

"కలలో విన్న్యా పెద్దమ్మా" అన్నాడు అద్నాన్.

"నీ కలలో నా గొర్రెలకేం పని?" అంది. తర్వాత కర్ర దించింది. ఆమె భయం వేరే. "పిలిచినోడు మేత పెట్టాల. ఉత్త చేతులు చూపిచ్చినావంటే రేప్పొద్దున నేను పిలిచినా రావు."

"పెట్టినాంలేమ్మా" అన్నాడు సురేంద్ర, దండల్లేని ట్రాక్టర్లను చూస్తూ. "శానా పెట్టినాం."

గంగులమ్మ గొర్రెల మూతులు చూసి తృప్తిపడింది. అద్నాన్ వేదిక దిగి మెల్లగా అడిగాడు. "పిలుపు ఆఖర్న యాడ ఆపుతావు పెద్దమ్మా?"

"ఆపేదేంది? వచ్చేదాకా పిలుస్తా. వచ్చినాక ఇంక పిలిచే పనేముంది?"

ఆ మాటకు అద్నాన్ తన ముందుకు వచ్చి నిలబడ్డ మందను మళ్లీ చూశాడు. శంషుద్దీన్ మాత్రం ఖాళీ కుర్చీలు చూపించాడు. "షరతు షరతేనప్పా. ఒక్క మనిషి గూడా మిగల్లేదు." అద్నాన్ గిటారును సంచిలో పెట్టుకున్నాడు. పాట అక్కడితో అయిపోయింది.

మర్నాటి తెల్లవారుజామున మిద్దె మీద అతనికి ఆ రాగం మళ్లీ వినిపించింది. ఈసారి ఆగకుండా వినిపిస్తూనే ఉంది. కళ్లు తెరిచినా పోలేదు. పొద్దెక్కాక మెట్ల కింద గంగులమ్మ నిలబడి ఉంది.

"అప్పా, దిగు. గొంతు పోయింది నాకు. పిలిస్తే తలెత్తి చూస్తాండాయి గానీ కదలడంల్యా. ఒక్క గొంతు సాలదంట వాటికి. ఆ వణికేది గూడా గావాలంట. ఆ రెండో పిల్లోణ్ని లేపు. పూలుంటే తీసుకో."

ఇప్పుడు పొద్దుగూకే వేళ మైలవరం కట్ట మీద అద్నాన్, ఆరిఫ్, గంగులమ్మ పాడతారు. నీళ్ల మీద ఎరుపు చల్లారుతుంటే ఆ మూడు గొంతులూ ఒరుసుకుంటాయి. పాట ఎక్కడా ఆగదు. గొర్రెలే వచ్చి దాన్ని ఆపుతాయి. వాడిన బంతిపూలు శంషుద్దీన్ పెళ్లిమండపాల నుంచి పంపిస్తాడు. పాట బాగుందని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోడు.

పాట మధ్యలో లేచిపోయిన గొర్రె ఇంతవరకూ ఒక్కటీ లేదు.