అత్తగారి నాలుగు ఫ్రేములు

చనిపోయిన అత్తగారి కోటును కత్తిరించాలని ఓటకర్ నిశ్చయించుకున్న రోజు అతని భార్య క్వేతా బంగాళదుంపలు కొనడానికి బజారుకు వెళ్లింది. బంగాళదుంపలకు ఇరవై నిమిషాలు పడుతుంది. కోటుకు అయిదు నిమిషాలు చాలు. మిగిలిన పదిహేను నిమిషాలూ పశ్చాత్తాపానికని అట్టేపెట్టుకున్నాడు గాని, అంత అవసరం పడలేదు.

వెనకవైపు అంచు దగ్గర, లోపలి మడతలో, అరచెయ్యంత ముక్క. నలుపు ఉన్ని. ఎవరి కంటా పడదనుకున్నాడు.

ఓటకర్ బొమ్మల సినిమాలు తీస్తాడు. చెక్క బొమ్మ చేతిని వెంట్రుకవాసి కదిపి ఒక ఫోటో, మళ్లీ వెంట్రుకవాసి కదిపి ఇంకో ఫోటో. ఒక్కో ఫోటో ఒక ఫ్రేము. అలాంటివి ఇరవై నాలుగయితే ఒక సెకను. పొద్దున్నించి నాలుగింటిదాకా నడుం విరిగేలా పనిచేస్తే మూడు సెకన్లు. ముప్పై ఏళ్లుగా అతను తీసినవన్నీ వరసగా వేస్తే ఒక పెళ్లి భోజనం ముగిసేలోపు అయిపోతాయి.

అన్నిట్లోనూ ఎవరో ఒకరు చస్తారు. వాళ్ల ఊరు జ్లీన్‌లో జనానికి అవంటే మహా ఇష్టం. పిల్లల్ని కూడా వెంటబెట్టుకొచ్చి చూపిస్తారు. చెక్కముక్క చచ్చిపోతుంటే హాల్లో హాయిగా నవ్వుకోవచ్చు. ఎవరిని తలుచుకుని నవ్వారో ఇంటికెళ్లి దీపం ఆర్పాక తెలుస్తుంది.

ఈసారి సినిమా పళ్లావిడది. వాళ్ల దేశంలో మృత్యువు ఆడది, పిలిచేదే పళ్లావిడని. నోరు మూతపడనన్ని పళ్లు. ఓటకర్ వాటిని బార్లీ గింజలతో కూర్చాడు. పళ్లావిడ ఒక ముసలమ్మను తీసుకుపోవడానికి వస్తుంది. కాఫీ కాగనీ అంటుంది ముసలమ్మ, ఉతికినవి ఆరేయనీ అంటుంది. ఆ ముసలమ్మకు ఓటకర్ అత్తగారి ముక్కు చెక్కాడు. ముక్కు కుదిరాక కోటు కావలసి వచ్చింది. కొత్త గుడ్డ బొమ్మకు అట్టలా నిలబడుతుంది. ఎవరో ఏళ్ల తరబడి తొడిగి అరగదీసిన గుడ్డ అయితేనే ఒంటికి అతుక్కుంటుంది.

అసలు సంగతి వేరే ఉంది. మార్చిలో అత్తగారు ఉన్న ఆసుపత్రి నుంచి ఫోను వచ్చినప్పుడు క్వేతా అతని పక్కనే దీపం పట్టుకుని నిలబడి ఉంది. దీపం కదిలితే ఆ రోజు పనంతా పోతుంది. "ఇంకో నాలుగు ఫ్రేములు, క్వేతా. అయిపోయింది" అన్నాడు. నాలుగు ఫ్రేములంటే తెర మీద రెప్ప వేసినంత సేపు. తీయడానికి అరగంట పట్టింది. వాళ్లు వెళ్లేసరికి మంచం మీద దుప్పటి మడతపెట్టేసి ఉంది. ఇరవై నిమిషాలయిందని చెప్పింది నర్సు.

ఏడు నెలలుగా ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు. క్షమించమని నోటితో అనడం ఓటకర్‌కు చేతకాదు. అందుకని సినిమా తీస్తున్నాడు, అదీ అత్తగారు ఉండిన గదిలోనే.

నవంబరు రెండో తేదీన ఊరంతా శ్మశానానికి వెళుతుంది. సమాధుల మీద చామంతులు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. క్వేతా వాళ్లమ్మ కోటు తొడుక్కుని వంగి కొవ్వొత్తి వెలిగిస్తోంది.

"వెనక చలిగాలి కొడుతోంది ఓటా."

"నవంబరు కదా."

"అరచెయ్యంత మేరే కొడుతోంది."

"పురుగు కొట్టిందేమో, పాత ఉన్ని."

క్వేతా చెయ్యి వెనక్కి పెట్టి తడిమింది. "నాలుగు పలకలుగా కొట్టింది. స్కేలు పెట్టుకుని తిన్నట్టుంది."

"ఈ కాలం పురుగులు..." అని ఓటకర్ ఆ వాక్యాన్ని ఎలా ముగించాలో తెలియక పక్క సమాధి మీది పేరు చదవసాగాడు.

క్వేతా ఇంకో కొవ్వొత్తి అందుకుంది. గండం గడిచిందనుకున్నాడు. ముప్పై ఏళ్లు కాపురం చేసినవాడు అనుకోవలసిన మాట కాదది.

మర్నాడు డెబ్బై రెండు ఫ్రేములు తీసి, గది తాళం వేసి, తాళంచెవి జేబులో పడేసుకుని, ఎప్పటిలాగే నాలుగింటికి బీరు కొట్టుకు వెళ్లాడు. తిరిగొచ్చి చూస్తే డెబ్బై ఆరున్నాయి.

వేసి చూశాడు. ముసలమ్మ కప్పు వైపు వంగుతోంది, వంగుతోంది. చివర్న చటుక్కున తల తిప్పి బొమ్మ ఇంటి తలుపుకేసి చూసింది. బల్ల మీది బొమ్మ మాత్రం తను వదిలిన చోటే, వదిలినట్టే ఉంది.

ఆ నాలుగూ తుడిపేశాడు. మర్నాడు మళ్లీ నాలుగు. మళ్లీ తలుపుకేసే.

బీరు కొట్టులో వెందెలీన్ అనే సావాసగాడికి చెప్పుకున్నాడు.

"మా అత్త పోయినప్పుడు గోడ గడియారం ఆగిపోయింది" అన్నాడు వెందెలీన్. "ఇంటిల్లిపాదీ మోకాళ్ల మీద పడ్డాం."

"తరవాత?"

"బ్యాటరీ మార్చాం."

"నా బొమ్మకు బ్యాటరీ లేదు."

వెందెలీన్ తన గ్లాసు తీసుకుని కొంచెం అవతలికి జరిగి కూచున్నాడు.

మూడోరోజు ఓటకర్ బొమ్మ మెడకు దారం కట్టి బల్లకు బిగించి వెళ్లాడు. వచ్చేసరికి దారం చక్కగా ఉండచుట్టి సూదుల డబ్బాలో ఉంది. అత్తగారు బతికుండగా మూరెడు దారం కూడా పారేసేది కాదు.

నాలుగోరోజు బొమ్మ ముందు నిజం కప్పుతో కాఫీ పెట్టాడు, ఆవిడకు ఇష్టమని అందులో రమ్ము చుక్కతో సహా. వచ్చి చూస్తే అడుగున కాఫీ పొడి మాత్రం మిగిలింది.

భోజనాల దగ్గర ఇక ఉండబట్టలేకపోయాడు. "క్వేతా, మీ అమ్మ రమ్ము కాఫీ తాగుతుందా?"

"తాగేది."

"ఇప్పుడో?"

"ఇప్పుడు వద్దనడానికి డాక్టర్లు లేరుగా" అని అతని కంచంలో ఇంకో బంగాళదుంప వేసింది.

ఓటకర్ ఆ బంగాళదుంపను కంచం అంచుకు నెట్టాడు.

అయిదోరోజు నాలుగయింది. బీరుకు వెళ్లలేదు. బల్ల ముందు మోకాళ్ల మీద కూచున్నాడు. ఎదురుగా జానెడు ముసలమ్మ, పక్కన పళ్లికిలించి పళ్లావిడ.

"అత్తయ్యా" అన్నాడు. "కోటు కోసింది నేనే. పురుగు కాదు."

బల్లకు ఇంకాస్త దగ్గరకు జరిగాడు.

"ముక్కు కూడా కొంచెం పెద్దదే చెక్కాను. సానపడతాను."

బొమ్మ తలుపుకేసి చూడలేదు. అతనికేసే చూస్తోంది. అంటే కోటు గురించి కాదన్నమాట, ముక్కు గురించీ కాదు. ఆ నాలుగు ఫ్రేములు ఏ నాలుగో ఓటకర్‌కు మొదటి రోజే తెలుసు. తెలియనట్టు దారాలు కట్టాడు, కాఫీలు పోశాడు.

"ఆ రోజు నేను ఆపాల్సింది" అన్నాడు. "ఫోను మోగగానే ఆపాల్సింది. మీరు తలుపుకేసి చూస్తూ ఉండి ఉంటారు. నేను మీ అమ్మాయిని ఇక్కడ నిలబెట్టేశాను. ఏం తీశానో కూడా గుర్తు లేదు. ఏదో పిల్లి తోక కదిలింది. దానికోసం నిలబెట్టేశాను."

ఏడుపు వచ్చింది. ఏడ్చాడు.

"ఈ మాట మార్చిలోనే అని ఉంటే నాకు ఇన్నిసార్లు మెడ తిప్పే పని తప్పేది" అన్న గొంతు వెనక నుంచి వినిపించింది.

క్వేతా గుమ్మంలో ఉంది, ఏప్రన్‌తో, చేతిలో తాళంచెవితో.

"నువ్వా?" అన్నాడు ఓటకర్. "తాళంచెవి నా జేబులో..."

"ఇది అమ్మది. కోటు జేబులో ఉంది. నువ్వు అంచు కోశావు గాని జేబు వెతకలేదు."

"కాఫీ?"

"రమ్ము ఎక్కువయింది. వంట మాడ్చాను ఆ రోజు."

అతను ముక్కు తుడుచుకున్నాడు. "నాతో ఒక్క మాట అనలేకపోయావా?"

"నువ్వు బొమ్మతో అనగలిగింది నాతో అనలేకపోయావు కదా. నేనూ బొమ్మ చేతే అనిపించాను."

"చెక్కతో అయితే భయం ఉండదు క్వేతా."

"ఉండదు మరి. నీ బొమ్మ చావు మధ్యలో ఆగుతుంది ఓటా. నువ్వు బీరు తాగొచ్చేదాకా చెయ్యి ఎత్తినది ఎత్తినట్టే నిలబడుతుంది. మా అమ్మకు ఆ సదుపాయం లేకపోయింది."

ఓటకర్ బల్ల పట్టుకుని లేచాడు.

క్వేతా ఏప్రన్ జేబులోంచి ఒక చిన్న బొమ్మ తీసింది. ఏప్రన్ కట్టుకున్న ఆడమనిషి, వేలెడంత. మోకాలి కీళ్లు కూడా నున్నగా తిరుగుతున్నాయి. ఈ ఇంట్లో బొమ్మలకు కీళ్లు బిగించేది మొదటినుంచీ ఆవిడే. దాన్ని బల్ల మీది బొమ్మ ఇంటి తలుపు బయట నిలబెట్టింది. ముసలమ్మ తల తలుపు వైపు తిప్పింది. పళ్లావిడను ముందుకు వంచి స్టూలు మీద కూచోబెట్టింది.

"ఇప్పుడు ఈ పళ్లావిడ కాచుకుంటుంది" అంది. "కూతురు వచ్చేదాకా. తీద్దాం."

"తీద్దాం" అని ఓటకర్ కెమెరా దగ్గరకు వెళ్లబోయాడు.

"ఇక అది నా చోటు. నువ్వు దీపం పట్టుకో."

దీపం బరువే. అతను రెండు చేతులా ఎత్తిపట్టుకున్నాడు.

"ఎన్ని ఫ్రేములు?"

"ఆ రోజు పట్టిన అరగంటా కావాలి."

ఓటకర్ మనసులో లెక్క వేశాడు. రోజుకు మూడు సెకన్లు. అరగంట సినిమాకు ఆరువందల రోజులు. అన్ని రోజులూ దీపం పట్టుకుని. "క్వేతా, అరగంట సేపు ముసలమ్మ తలుపుకేసి చూస్తుంటే జనం కూచోరు."

"మా అమ్మ కూచుంది."

ఆవిడ చిన్న బొమ్మ కాలు వెంట్రుకవాసి ముందుకు జరిపి, వెనక్కి వచ్చి, కెమెరాలో కన్ను పెట్టింది.

"నాలుగయింది" అన్నాడు ఓటకర్ నీరసంగా. "బీరు..."

"కదలకు."

కదలకుండానే నిలబడ్డాడు. కానీ దీపం వెలుగులో అత్తగారి ముక్కు, ఆ నల్లకోటు, తలుపు మీద నిలిచిన ఆ చూపు ఒక్కసారిగా కనబడేసరికి చేతులు వణికాయి. దీపం కదిలింది. గోడ మీద నీడలన్నీ కదిలాయి. అదే క్షణంలో కెమెరా టక్కుమంది.

తన సినిమా అయితే ఆ ఫ్రేము అక్కడికక్కడే తుడిపేసేవాడు.

క్వేతా తెర మీద దాన్ని చాలాసేపు చూసింది. తుడిపేయలేదు. బొమ్మ రెండో కాలు జరపడానికి లేచింది.