ఇరవై ఏడో నంబరు చెంచా

రాష్ట్ర పాతవస్తు గౌరవ మండలి చైర్మన్ శ్రీ సురేంద్రబాబు గారు ఒక సోమవారం ఉదయం ఆత్మకూరులో, ఇంతవరకు ఏ నాయకుడికీ తట్టని సంగతి ప్రకటించారు. ఇకమీదట ఆయన లంచం తీసుకోరు. తాను వాడిన వస్తువులను ఆన్‌లైన్‌లో వేలం వేసి, వచ్చిన లాభంతో ప్రజాసేవ చేస్తారు.

"ఇంతకుముందు తీసుకునేవారా సార్?" అని ఒక విలేఖరి అడిగాడు.

"ఈ ప్రెస్ మీట్ ఇకమీదట గురించి" అన్నారు చైర్మన్ గారు. మైకు సరిచేసుకుని గొంతు గంభీరం చేశారు. "వేలానికి నీతి ముఖ్యం. కొత్త వస్తువును వాడిందని చెప్పి అమ్మడం పచ్చి మోసం. నేను స్వయంగా వాడందే గుండుసూది కూడా అమ్మను!"

మూడో వరసలో కూర్చున్న కృపారాణి చేతులు నొప్పి పుట్టేలా చప్పట్లు కొట్టింది. ఆమె ఆ మండలి మర్రిపాడు శాఖలో గుమాస్తా. కాపురం ఉదయగిరిలో. రోజూ రెండు బస్సులు ఎక్కి పోవాలి, రెండు బస్సులు ఎక్కి రావాలి. కూతురు జెస్సీ లేవకముందే పోతుంది, నిద్రపోయాక వస్తుంది. నాలుగేళ్ల జెస్సీ ఈమధ్య అవ్వను అమ్మా అనీ, అమ్మను కృపా అనీ పిలవడం మొదలుపెట్టింది. ఆ పిలుపు విన్న రోజు కృపారాణి అన్నం తినలేకపోయింది. ఉదయగిరి శాఖలో ఒకే ఒక్క ఖాళీ ఉంది, బదిలీ చైర్మన్ గారి చేతిలో ఉంది. లంచం ఇవ్వకూడదని చర్చిలో ఆదివారం బడి పిల్లలకు పాఠం చెప్పే మనిషి కాబట్టి, రెండేళ్లుగా ఆ చేతి వైపు చూసి ఊరుకుంటోంది. ఇప్పుడు దేవుడు దారి చూపించాడనుకుంది.

మొదటి వేలంలో చైర్మన్ గారి దువ్వెనను ఒక కాంట్రాక్టరు లక్షన్నరకు పాడుకున్నాడు. అతనికి తలమీద ఒక్క వెంట్రుకా లేదు. వారం తిరక్కుండా కొండాపురం వైపు రోడ్డు పని అతనికే వచ్చింది. చైర్మన్ గారి కళ్లజోడును కంటిచూపు చక్కగా ఉన్న జలదంకి పెద్దమనిషి ఒకరు కొన్నారు. ఆయనకు ఇసుక రేవు కనబడింది.

గిరాకీ పెరిగేసరికి సరుకు చాల్లేదు. నీతి గల మనిషికి ఇదే చిక్కు, అన్నీ తానే వాడాలి. చైర్మన్ గారు ఒక్కపూటలో పన్నెండు చొక్కాలు మార్చారు, పద్దెనిమిది కుర్చీల్లో కూర్చుని లేచారు. చివరికి పీఏ సాయికిరణ్ ఉదయగిరి వచ్చి నలభై చెక్క చెంచాలు కొన్నాడు. వాటిని చేసింది మాలకొండమ్మ, కృపారాణి తల్లి.

"ఒక్క మనిషికి నలభై ఎందుకబ్బా? నోరా, గోదామా?" అని అడిగి, ఒక్కొక్కటి అరవై రూపాయలకు ఇచ్చింది మాలకొండమ్మ.

మరునాడు చైర్మన్ గారు ఫోన్లలో వచ్చే ప్రత్యక్ష ప్రసారంలో గిన్నెడు ఉప్మా ముందు పెట్టుకుని నలభై చెంచాలూ నోటిదాకా ఎత్తారు. ప్రజల కోసం ఇంత తిన్న నాయకుడు జిల్లాలో లేడని కింద అభిమానులు రాశారు.

కృపారాణి సాయికిరణ్‌ను కలిసింది.

"బదిలీకి ఏమన్నా ఇయ్యాల్నా సార్?"

"ఛీ ఛీ! ఇక్కడ ఎవరన్నా లంచం అడిగితే చెప్పుతో కొట్టండి మేడమ్. మీరు చెంచా పాడుకోండి. ఇరవై ఏడో నంబరుది ఉదయగిరికి బాగుంటాది."

ఆమె గాజులు అమ్మి, ఇరవై ఏడో నంబరు చెంచాను అరవై వేలకు పాడుకుంది. ఇంట్లో చెప్పగానే మాలకొండమ్మ చేతిలో చాకు కింద పెట్టేసింది.

"ఏమే, నేను అరవైకి అమ్మినదాన్ని నువ్వు అరవై వేలకు కొన్నావా? నన్నడిగితే ఊరికే ఇస్తాను గదా!"

"అది వాడిందమ్మా."

"వాడింది అంటే ఎంగిలిది. కొత్తదానికి అరవై, ఎంగిలిదానికి అరవై వేలా? ఏం కాలం వచ్చిందే నాయనా! అయినా లంచం పాపమని పిల్లకాయలకు చెప్పేదానివి..."

"లంచం కాదు! సరుకు కొన్నాను. వాడిన సరుకు. సర్టిఫికెట్టు కూడా ఉండాది."

శుక్రవారం ఆత్మకూరు ఆఫీసులో సాయికిరణ్ ఆమెకు బదిలీ ఆర్డరూ, నంబరు చీటీ కట్టిన చెంచా, 'స్వయంగా వాడినట్టు ధ్రువపత్రం' అందించి ఫొటో తీయించాడు. గొప్పమనిషిని చూడాలని వెంట వచ్చిన మాలకొండమ్మ, చైర్మన్ గారు లేకపోవడంతో, చెంచానే తిప్పి తిప్పి చూసింది. వరండాలోకి వచ్చాక గోటితో గీరి కూతురికి చూపించింది.

"ఇదిగో, గుంటలో నేను పట్టిన ఉప్పుకాగితం పొడి అట్టాగే ఉండాది. దీనికి నీళ్లు కూడా తగల్లేదు. ఆయన నోటిదాకా ఎత్తినాడే గానీ నోట్లో పెట్టలా!"

"మెల్లగా మాట్లాడమ్మా."

"ఎందుకు మెల్లగా? ఇది కొత్త చెంచా! మరి నువ్వు అరవై వేలు దేనికిచ్చినట్టు?"

ఆర్డరు కృపారాణి సంచిలో ఉంది. సోమవారం నుంచి జెస్సీ లేచేసరికి తాను ఇంట్లో ఉంటుంది. ఆదివారం మాత్రం ముప్పైమంది పిల్లల ముందు నిలబడాలి. ఆమె తల్లి చేతిలోంచి చెంచాను లాక్కుని, రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న హోటల్లోకి గబగబా నడిచింది.

"ఒక ఉప్మా" అంది.

ప్లేటు రాగానే చెంచాను నిండా ముంచి, నోట్లో పెట్టుకుని, బాగా చప్పరించింది. మళ్లీ ముంచింది.

"మేడమ్, స్టీలు స్పూను తెమ్మంటారా?" అన్నాడు సప్లయరు.

"వద్దు" అంది కృపారాణి. పక్క బల్ల దగ్గరి ఆడమనిషి కూడా అదే క్షణంలో వద్దంది. ఆవిడ కూడా చెక్క చెంచాతో ఉప్మా తింటోంది. దానికి కట్టిన చీటీ మీద ఇరవై ఏడు అని ఉంది.

ఇద్దరూ ఒకరి చెంచా ఒకరు చూసుకున్నారు.

"మీకు ఏ ఊరు?" అని అడిగింది కృపారాణి.

"ఉదయగిరి. మీకు?"

కృపారాణి చెంచాను ఇంకోసారి నాకి, ఇంకో ప్లేటు చెప్పింది.